ఎర్ర చార ఎటు పోయింది: కొత్తవాడ జంపఖానాల సైటు డైరీ

ఆదివారం, రాత్రి

చిన్నాయన ఫోన్లో సైటు తెరిచాం. తెరిచాం అనడం ఎక్కువే. పైన సంఘం పేరు వచ్చింది. దాని కింద మొదటి ఫొటో నాటకం తెరలాగా మెల్లగా దిగుతూ దిగుతూ సగంలో ఆగింది. కాసేపటికి బ్రౌజర్ దానంతటదే మూసుకుపోయింది. చిన్నాయన ఫోన్ వంక చూసి, నా వంక చూసి, "గింతేనా బిడ్డా?" అన్నాడు. చిన్నమ్మ చాయ్ పెడతానని లేచిపోయింది. నాకూ లేచిపోవాలనే అనిపించింది.

తప్పు నాదే. వరంగల్ కొత్తవాడలో మా గల్లీ నేతవాళ్ళు కొన్ని ఇళ్ళు కలిసి జంపఖానాలు నేరుగా అమ్ముకుందామనుకుంటుంటే, "సైటు నేను చేసిపెడతా" అని ఒక పెళ్ళి బంతిలో అందరి ముందూ మాటిచ్చాను. పేజీలు రెండు శనాదివారాల్లో అయిపోయాయి. ఫొటోలు మాత్రం తమ్ముడు తీసినవి తీసినట్టే ఎక్కించి, వాటి సంగతి తర్వాత చూద్దామనుకున్నా. ఆ తర్వాత ఇవ్వాళ వచ్చింది.

హన్మకొండకు తిరిగొచ్చి లెక్క వేశాను. జాబితా పేజీలో 24 ఫొటోలు, ఒక్కోటి సగటున 4.6 ఎంబీ. పేజీ మొత్తం 110 ఎంబీ. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనన్న ముద్ర, వచ్చిందని పేజీ పైన గొప్పగా రాశాను. అది చదివి కిందికి జరిపినవాడి డేటా ప్యాక్ అక్కడే సగం హారతి.

డేటా ఒక్కటే కాదు, ఫోన్ ఎందుకు చేతులెత్తేసిందో కూడా చూడాలి. ఫొటో కొలత 4000×3000, అంటే 1.2 కోట్ల పిక్సెళ్ళు. తెర మీద చూపించాలంటే బ్రౌజర్ దాన్ని మెమరీలో విప్పాలి. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఒక్క ఫొటోకే 48 ఎంబీ, 24 ఫొటోలూ ఒకేసారి విప్పితే 1.1 జీబీ పైన. చిన్నాయన ఫోన్ ర్యామ్ 3 జీబీ, అందులోనే వాట్సాప్ గ్రూపులూ యూట్యూబూ సంసారం చేస్తున్నాయి. కాబట్టి ఫైల్‌ను నొక్కి చిన్నది చేసినంత మాత్రాన సరిపోదు. జంపఖానాను ఎంత గట్టిగా చుట్టి సంచిలో కుక్కినా, ఇంటికెళ్ళి పరిస్తే అదే ఆరడుగులు. ముందు కొలతే తగ్గాలి.

మంగళవారం

ఇంకో తలనొప్పి తెలిసింది. కొన్ని ఫొటోలు మరీ మసకగా ఉన్నాయేంటని అడిగితే, తమ్ముడు వాటిని వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపానన్నాడు. అలా పంపితే అది తనకు తోచినట్టు కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. మళ్ళీ అలాగే పంపమన్నాను. వచ్చినవన్నీ "అసలు" అనే ఫోల్డర్లో పెట్టి రీడ్ ఓన్లీ చేశాను. జేపెగ్‌ను, అంటే ఫోన్ తీసే మామూలు ఫొటో ఫైల్‌ను, తెరిచి, దిద్ది, సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. కాపీకి కాపీ తీసుకుంటూ పోతే చివరికి జిరాక్సుకు జిరాక్సే.

బుధవారం

ఇవ్వాళ తమ్ముడు సాయం చేస్తానని పది ఫొటోలను పీఎన్‌జీ అనే ఫార్మాట్‌లోకి మార్చి పంపాడు. "పీఎన్‌జీ అంటే క్వాలిటీ అక్కా." చిన్నప్పటి నుంచీ వీడికి ఎవరో ఒకరు ఇలాంటివి చెబుతూనే ఉంటారు.

వాడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. పీఎన్‌జీ ఒక్క పిక్సెల్‌ను కూడా పారేయదు. ఒకే రంగు చదునుగా పరుచుకుని, అంచులు కత్తితో కోసినట్టుండే బొమ్మలకు, అంటే స్క్రీన్‌షాట్లు, గ్రాఫులు, వెనక ఏమీ లేకుండా పారదర్శకంగా ఉండాల్సిన గుర్తులకు అదే మంచిది. కానీ నూలు ఫొటోలో పక్కపక్కన రెండు పిక్సెళ్ళు ఒకే రంగులో దొరకవు. నూగు, నీడ, పోగు మెలిక, కెమెరా గరుకు, అన్నీ పట్టుకుని కూర్చుంటుంది. 1600 వెడల్పుకు తగ్గించిన అదే ఫొటో పీఎన్‌జీలో 3.6 ఎంబీ, జేపెగ్‌లో 410 కేబీ వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే వాడు తప్పే చెప్పాడు. అంతటితో ఊరుకున్నాడు.

ధరల పట్టిక కూడా ఫొటోగానే ఉంది. గోడకు అంటించిన కాగితాన్ని ఫోన్‌తో తీసింది. దాన్ని ఏ ఫార్మాట్‌లో పెట్టాలా అని అరగంట ఆలోచించి, చివరికి ఫొటో తీసేసి అక్షరాలుగా టైపు చేశాను. 3×5, 4×6, 6×9 అడుగులు, ఎదురుగా ధర. మూడు వరుసలు, కేబీ కూడా లేదు. పైగా రేపు నూలు ధర పెరిగితే ఒక అంకె మారిస్తే చాలు.

శుక్రవారం

లోగో. కాకతీయ తోరణం కావాలన్నారు. ఓరుగల్లులో బిర్యానీ హోటల్ నుంచి స్టేషనరీ షాపు దాకా అందరికీ అదే కావాలి, మనకెందుకు అంటే వినలేదు. సరే, ఖిలా వరంగల్ తోరణం ఫొటో ఒకటి పెట్టి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో ఆటోమేటిక్‌గా గీయించాను. ఎస్‌వీజీ వచ్చింది, 430 కేబీ! రాతి మీది ప్రతి మరకకూ ఒక గీత గీసిందది. ఎస్‌వీజీ అంటే బొమ్మ కాదు, గీతలు ఎక్కడెక్కడ తిరగాలో రాసిన చీటీ. చీటీలో చెత్త రాస్తే చెత్తే మోస్తుంది. పారేసి చేత్తో గీశాను. రెండు స్తంభాలు, పైన అడ్డదూలాలు, రెండు పక్కలా రెండు హంసలు. 5 కేబీ. ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు.

లోగో కింద తెలుగు పేరు చిన్నాయన ఫోన్లో వేరే అక్షరాలతో కనిపించింది. నా దగ్గరున్న ఫాంటు ఆ ఫోన్లో లేదు మరి. అక్షరాలను గీతలుగా మార్చేశాక కుదురుకుంది. ఫైల్ ఇంకో 4 కేబీ పెరిగింది, పెరగనీ.

ఆదివారం

అసలు కథ ఇవ్వాళ మొదలైంది. చిన్న కొలతల ఫొటోలు పెట్టిన పేజీ చిన్నాయన ఫోన్లో హాయిగా తెరుచుకుంది. నేను మెచ్చుకోలు కోసం చూస్తున్నా. ఆయన ఒక ఫొటో మీద వేలు పెట్టి, "గిదెవరిది?" అన్నాడు.

"నీదే చిన్నాయనా."

"మన ఎరుపు గిట్లుంటదా? ఇటుక లెక్కున్నది."

నిజమే. ఫొటోలు ఇంట్లో, పసుప్పచ్చ బల్బు కింద తీసినవి. కంప్యూటర్లో రంగు సర్దబోయాను. ఎరుపు దారికొస్తే తెలుపు నీలంగా మారింది. గంట కొట్టుకుని వదిలేశాను. చెడ్డ వెలుగులో తీసిన రంగును తర్వాత బాగు చేయడం కన్నా మళ్ళీ తీయడమే తేలిక. జంపఖానాలన్నీ డాబా మీదికి మోసి, ఎండ నేరుగా పడకుండా నీడలో పరిచి, పక్కన తెల్ల దుప్పటి ఒకటి పెట్టి తమ్ముడి దోస్తు ఐఫోన్‌తో మళ్ళీ తీశాం. మొదటి విడత హెచ్ఈఐసీ అనే ఫార్మాట్‌లో వచ్చింది. క్రోమ్ దాన్ని చూపించనే చూపించదు. కెమెరా సెట్టింగులో "మోస్ట్ కంపాటిబుల్" పెట్టాక జేపెగ్‌లు వచ్చాయి.

సోమవారం

ఫొటోల్లో లొకేషన్ ఉంది. చిన్నాయన ఇల్లు మ్యాపులో గుమ్మంతో సహా దొరుకుతుంది. ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉండరో తెలియని రోజుల్లో అదెందుకని, ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫొటోలు మార్చే ప్రోగ్రాంతో, ఫైల్‌లో దాక్కున్న అదనపు సమాచారమంతా ఒక్క దెబ్బకు ఊడ్చేశాను.

ఊడ్పు ఎక్కువైంది. నాలుగు ఫొటోలు పక్కకు పడిపోయాయి. ఫోన్ నిలువుగా పట్టి తీశామన్న సంగతి ఆ సమాచారంలోనే ఉంటుంది, అది పోగానే బొమ్మ పడుకుంది. అంతకన్నా ఘోరం, డాబా మీద నిగనిగలాడిన ఎరుపు మళ్ళీ వెలిసింది. ఈసారి బల్బు మీదికి నెట్టడానికి లేదు.

కారణం రంగుల ప్రొఫైల్. ఐఫోన్ ఫొటోలు డిస్‌ప్లే పీ3 అనే, కొంచెం విశాలమైన రంగుల కొలతలో ఉంటాయి. వెబ్ మామూలుగా అనుకునేది ఎస్ఆర్‌జీబీ. రెండింటిలోనూ ఎరుపు 255, అంటే పూర్తి ఎరుపు, ఒకటే కాదు, పీ3 ఎరుపు ఇంకా ముదురు. ఏ కొలతో చెప్పే చీటీ నేను చించేశాను కనుక బ్రౌజర్ దాన్ని ఎస్ఆర్‌జీబీ అనుకుంది. మీటర్లలో రాసిన అంకెను గజాలనుకుని కోసినట్టయింది. ఇప్పుడు వరుస మార్చాను: ముందు బొమ్మను నిలబెట్టడం, తర్వాత ఎస్ఆర్‌జీబీలోకి మార్చడం, తర్వాత కొలత తగ్గించడం, ఆఖర్న ఊడ్చడం.

బుధవారం, గురువారం కలిపి

ఎరుపు వచ్చింది. చెయ్యెడు వెడల్పు ఎర్ర పట్టీలున్న జంపఖానాలు చూడముచ్చటగా ఉన్నాయి. కానీ చిన్నాయనకు బాగా పేరు తెచ్చినది ఇంకోటి. నల్ల నేల, దాని మీద పావంగుళం ఎర్ర చారలు. జాబితాలోని చిన్న ఫొటోలో ఆ చారలు ఎండిన కుంకుడుకాయ రంగులో ఉన్నాయి. ఒకే ఫోన్, ఒకే డాబా, ఒకే ప్రొఫైల్. పట్టీ ఎర్రగా ఉంది, చార మాత్రం చచ్చిపోయింది.

అప్పటికి అన్నీ వెబ్‌పీ అనే ఫార్మాట్‌లోకి మార్చి ఉన్నాను. అందరూ చెప్పేది అదే కదా, వెబ్‌పీ పెట్టెయ్, జేపెగ్ కన్నా చిన్నది అని. క్వాలిటీ 80 దగ్గర ఉంది. 90 చేశాను. 95. చివరికి 100 పెట్టాను. ఫైల్ బలిసింది, చార కదల్లేదు. క్వాలిటీ 100లో కూడా మారలేదంటే గొడవ క్వాలిటీది కాదని అప్పుడు వెలిగింది.

స్క్వూష్ అని ఫొటోలను కుదించి పోల్చి చూసే సైటు ఒకటుంది, అందులో అసలు ఫొటో ఒక పక్క, వెబ్‌పీ ఒక పక్క పెట్టి ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూశాను. వెలుగునీడలు చక్కగా ఉన్నాయి. రంగు మాత్రం రెండేసి పిక్సెళ్ళ గళ్ళలో అలుక్కుపోయి ఉంది. చిన్నాయన వెనక నిలబడి చూస్తున్నాడు. "నల్ల పోగు మీద ఎర్ర పోగు పడలేదు బిడ్డా, రెండు కలిపి ఒకే తొట్టిల అద్దినట్టున్నది" అన్నాడు. సరిగ్గా జరిగింది కూడా అదే.

మన కన్ను వెలుగులో తేడాను పట్టినంత బాగా రంగులో తేడాను పట్టలేదు. అందుకని ఈ ఫార్మాట్లు బొమ్మను వెలుగు, రంగు అని విడదీసి, వెలుగును ప్రతి పిక్సెల్‌కూ దాచి, రంగును నాలుగు పిక్సెళ్ళకు కలిపి ఒక్కటే దాస్తాయి. దాన్ని 4:2:0 అంటారు. కలర్ టీవీల కాలం నుంచీ ఉన్న ఉపాయమే. మనుషులు, గుళ్ళు, చెట్లు, చెరువుగట్లు తీసిన ఫొటోల్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మన చార లెక్క చూడండి. ఆరడుగుల జంపఖానా అంటే 72 అంగుళాలు. అది 480 పిక్సెళ్ళ ఫొటోలో ఇమిడితే అంగుళానికి ఆరున్నర పిక్సెళ్ళు, పావంగుళం చారకు రెండు పిక్సెళ్ళు కూడా రావు. పక్కనున్న నలుపుతో కలిపి దాని రంగును సగటు తీసేస్తున్నారు. పైగా ముదురు ఎరుపుకు సొంత వెలుగు తక్కువ, దాని బతుకంతా రంగులోనే ఉంది. అదే తెల్ల చార అయితే వెలుగులో బతికిపోయేది. (అవును, తెల్ల చారలది కూడా ఉంది, అది ముత్యంలా వచ్చింది.)

నష్టం చేసి కుదించే వెబ్‌పీలో 4:2:0 తప్ప వేరే దారి లేదు, అందుకే 100 పెట్టినా అంతే. రంగు మార్పిడిని పదును చేసే ఆప్షన్ ఒకటుంది. అది పెడితే కొంచెం నయం, పూర్తిగా కాదు. జేపెగ్‌లో మాత్రం 4:4:4, అంటే ప్రతి పిక్సెల్‌కూ రంగు దాచమని చెప్పొచ్చు. ఇమేజ్‌మ్యాజిక్ అయితే క్వాలిటీ 90 నుంచి పైకి తనే అలా చేస్తుంది, కిందైతే మనం అడగాలి. ఏవిఫ్‌లో కూడా 4:4:4 ఉంది. 2019లో వచ్చిన ఫార్మాట్ అది, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ తర్వాత 2022లో సఫారీ కూడా అందుకుంది.

అదే చిన్న ఫొటో, నాలుగు రకాలు: వెబ్‌పీ 38 కేబీ, చార చచ్చింది. మామూలు జేపెగ్ 44, చార చచ్చింది. 4:4:4 జేపెగ్ 58, చార ఎర్రగా ఉంది. 4:4:4 ఏవిఫ్ 27, చార ఎర్రగా ఉంది. ఏవిఫ్ తయారవడానికి నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ మరమగ్గంలా మోగింది, అయినా ఒక్కసారేగా. పేజీ కోడ్‌లో ఒకే ఫొటోకు రెండు మూడు ఫైళ్ళు ఇచ్చే పిక్చర్ ట్యాగ్‌లో ముందు ఏవిఫ్, దాన్ని తెరవలేని పాత బ్రౌజర్లకు 4:4:4 జేపెగ్. 24 ఫొటోలకు 650 కేబీ లోపే.

వెబ్‌పీని తిట్టడం లేదు. సంఘం గురించిన పేజీలో మగ్గం గది, వేయి స్తంభాల గుడి ఫొటోలు వెబ్‌పీలోనే ఉన్నాయి, బాగున్నాయి.

శుక్రవారం

నీలం సాదా జంపఖానా ఫొటోలో అలలు. నేతలో లేని వంపులు, భద్రకాళి చెరువు మీద గాలి తోలినట్టు. జంపఖానాలో పడుగు లోపల దాక్కుని పేకే పైకి కనిపిస్తుంది, ఆ గట్లు వరుసగా ఉంటాయి. ఆ వరుసకూ పిక్సెళ్ళ వరుసకూ కుదరకపోతే మధ్యలో ఈ దొంగ అలలు పుడతాయి. పెద్ద ఫొటో పెట్టి బ్రౌజర్నే కుదించుకోమంటే మరీ ఎక్కువ. ముందే లాంక్జోస్ పద్ధతిలో 480, 960, 1600 వెడల్పులకు తగ్గించి, ఏ తెరకు ఏది కావాలో ఎంచుకోమని మూడూ ఇచ్చాను. అలలు పోయాయి. ఒక్క ఫొటోలో మాత్రం కెమెరాలోనే ఉన్నాయి, రెండడుగులు వెనక్కి జరిగి మళ్ళీ తీయాల్సి వచ్చింది.

శనివారం

చిల్లర పనులు. తమ్ముడు ఫైళ్ళకు తెలుగులో పేర్లు పెట్టాడు, ముద్దుగా ఉంది. కానీ లింకు కాపీ చేస్తే "జంపఖానా" అన్న ఒక్క మాట 63 గుర్తుల పర్సెంట్ల తోకగా మారుతోంది. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, బైటుకు మూడు అక్షరాలు మరి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోకి మార్చాను. రెండు ఫైళ్ళ ఎక్స్‌టెన్షన్ మాత్రం పెద్దక్షరాల్లో ఉండిపోయింది. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో కనిపించి, సర్వర్ మీద మాయమయ్యాయి. గంటన్నర పోయింది.

ఆదివారం, బస్సులో

స్నేహితురాలి ఇంట్లో ఫంక్షనుకని ఏటూరునాగారం బస్సెక్కాను. పస్రా దాటి అడవి మొదలయ్యాక సిగ్నల్ ఒక గీతకు పడిపోయింది. ఇంతకన్నా మంచి ల్యాబు దొరకదనుకుని సైటు తెరిచాను.

రెండు తప్పులు దొరికాయి. ఒక ధర మీద నొక్కబోతే పైనున్న ఫొటో అప్పుడే వచ్చి, అంతా కిందికి జారి, వేలు ఇంకోదాని మీద పడింది. పేజీ కోడ్‌లో ఫొటోలకు విడ్త్, హైట్ రాయలేదు నేను. అవి రాస్తే ఫొటో రాకముందే దాని చోటు దానికి ఆగి ఉంటుంది, బస్సు సీటు మీద రుమాలు వేసినట్టు. రెండోది, అతి తెలివికి పోయి అన్ని ఫొటోలకూ లేజీ లోడింగ్, అంటే పేజీ జరిపి దగ్గరికి వచ్చాకే ఫొటో దిగే పద్ధతి, పెట్టాను. కిందున్నవాటికి అది మంచిదే. కానీ పేజీ తెరవగానే కంటికి కనబడాల్సిన మొదటి ఫొటోను కూడా బద్ధకంగా రమ్మన్నాను. పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనబడాలని గూగుల్ గీసిన గీత ఉంది. తాడ్వాయి వచ్చింది, అది రాలేదు.

ఫొటోలు రానిచోట ఆల్ట్ మాటలు, అంటే ఫొటోలో ఏముందో చెబుతూ కోడ్‌లో రాసినవి, మాత్రం వచ్చాయి. "నల్ల నేల, పావంగుళం ఎర్ర చారలు, రెండు చివర్లా కుచ్చులు." చిన్నాయన చెబుతుంటే రాసుకున్నవి. కళ్ళు కనబడనివాళ్ళ కోసమని రాశాను, ఇవ్వాళ నేనే వాటి మీద ఆధారపడ్డాను.

మంగళవారం

రెండూ దిద్ది చిన్నాయనకు చూపిద్దామని కొత్తవాడ వెళ్ళాను. అప్పటికే ఎవరో దంపతులు కొనడానికి వచ్చి ఉన్నారు. చిన్నాయన ఏ జంపఖానానూ పూర్తిగా పరచలేదు. నాలుగు మడతలది తీసి ముందు పెట్టి, పై మడత మూల ఒక్కటి వెనక్కి తిప్పాడు. అంచు, చార, నేల, కుచ్చు, వెనక వైపు, అన్నీ జానెడు జాగాలో. వాళ్ళు అది ముట్టుకుని చూసి, నచ్చాకే "పరవండి" అన్నారు.

నేను మూడు వారాలుగా ఆరడుగుల జంపఖానాను బొటనవేలంత ఫొటోలో పరిచి చూపిస్తున్నాను.

వాళ్ళు వెళ్ళగానే అన్నీ అలాగే మడత పెట్టించి, పైనుంచి తీశాం. ఇప్పుడు 480 పిక్సెళ్ళలో పట్టేది 18 అంగుళాలే. పావంగుళం చారకు ఆరు పిక్సెళ్ళ పైన వస్తున్నాయి. ఊరికే, సరదాకు, వెబ్‌పీ 80లో సేవ్ చేసి చూశాను. ఎర్రగా ఉంది. బుధ, గురువారాల నిద్ర ఎవరిస్తారో తెలియదు. జాబితాకు మడత ఫొటోలు పెట్టేసి, పూర్తిగా పరిచిన ఫొటోలను లోపలి పేజీలో 4:4:4 ఏవిఫ్‌లోనే ఉంచాను.

సాయంత్రం చిన్నాయన ఫోన్లో తెరిచాం. వెంటనే వచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటీ జరుపుతూ, నల్ల జంపఖానా దగ్గర ఆగాడు. రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. చారను చూశాడు, కుచ్చును చూశాడు, కింద రాసింది చదివాడు.

"గిది నాలుగారు కాదు బిడ్డా, మూడైదు. నాలుగారుది నిన్ననే అమ్మిన."